ఉంగరం మీద ఎవరి పేరు? ఖరీదైన నిశ్చితార్థపు ఉంగరం: ఒక నైతిక విచారణ

ప్రస్తావన

2024 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒక ఉంగరం విషయమై తీర్పు వెలువరించింది. 2017లో ఒక పురుషుడు టిఫనీ అండ్ కంపెనీ దుకాణంలో 70,000 డాలర్లకు వజ్రపుటుంగరం కొని, తాను పెళ్లాడదలచిన స్త్రీకి ఇచ్చాడు. పెళ్లి జరగలేదు. ఉంగరం ఎవరికి చెందాలన్న వివాదం న్యాయస్థానానికి వెళ్లింది. 1959 నాటి తీర్పు ననుసరించి ఆ రాష్ట్రంలో అంతవరకు అమలైన సూత్రం ప్రకారం, సంబంధం చెడడానికి బాధ్యులెవరో తేల్చి, దానినిబట్టి ఉంగరం ఎవరిదో నిర్ణయించాలి. మొదట విచారించిన న్యాయస్థానం దోషం పురుషుడిదని భావించి ఉంగరం స్త్రీ వద్దనే ఉండవచ్చునన్నది. అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. చివరికి అత్యున్నత న్యాయస్థానం, తప్పెవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా, పెళ్లి జరగనప్పుడు ఉంగరం ఇచ్చినవారికే తిరిగి చేరాలని పాత సూత్రాన్ని మార్చింది. నిశ్చితార్థపు ఉంగరం షరతుతో కూడిన కానుక, షరతు నెరవేరకపోతే కానుక పూర్తికాదు అన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ ఉంగరం ఎవరిదో ఈ తీర్పు తేల్చింది. నిశ్చితార్థంలో ఉంగరం చేసే పని ఏమిటన్నది న్యాయస్థానం ఎదుటికి వచ్చిన ప్రశ్న కాదు. ఒకరు మరొకరికి మాట ఇచ్చేటప్పుడు ఆ మాటకు తోడుగా ఒక వస్తువు ఎందుకు కావాలి? కావలసి ఉన్నా, అది అంత ఖరీదైనదిగా, ఫలానా దుకాణపు పేరు గలదిగా ఎందుకు ఉండాలి? అలా కొనడంలో నైతికంగా ఆక్షేపించదగినది ఏదైనా ఉన్నదా, లేక అది కేవలం ఎవరి స్తోమత వారిది అని విడిచిపెట్టదగిన విషయమా? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆచారం ప్రధానంగా పాశ్చాత్య దేశాలది. అయితే అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువతీయువకులకు ఇది ఇప్పుడు పరాయి ఆచారం కాదు. తాంబూలాలు పుచ్చుకోవడంతో ముగిసే నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకోవడం తెలుగు నేలమీద కూడా సాధారణమైంది. పైగా ఉంగరానికీ మాటకూ ఉన్న సంబంధాన్ని గురించి తెలుగు పాఠకులకు చిరపరిచితమైన సాహిత్యంలో లోతైన ఆలోచన ఉంది. ఆ ఆలోచన ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు ఉపకరిస్తుందో కూడా ఇక్కడ చూడవలసి ఉంది.

ఆనవాలు, జామీను, సాక్ష్యం

మాటకు తోడుగా ఇచ్చే వస్తువు మూడు వేర్వేరు పనులు చేయగలదు. మొదటిది ఆనవాలు. హనుమంతుడు లంకలో సీతకు చూపిన రాముని ఉంగరం ఈ కోవలోనిది. చూసిన మరుక్షణం, పంపినవారెవరో తెలిసిపోతుంది. ఆనవాలుకు ధరతో పని లేదు. ఇద్దరి మధ్య ఉన్న పూర్వపరిచయమే దాని విలువ. ఆ పరిచయం లేని మూడోవారికి అది వట్టి వస్తువు.

రెండోది జామీను. పొలం కొనేవాడు ఇచ్చే బయానా వంటిది. మాట తప్పితే ఇచ్చినవాడు నష్టపోతాడు, ఆ భయం మాటను నిలబెడుతుంది. జామీనుకు ధరే ప్రాణం. పావలా బయానాతో పొలం బేరం నిలవదు. అయితే జామీనుకు ఇంకొక లక్షణం కూడా ఉండాలి: మాట తప్పినప్పుడు, నష్టపోయిన రెండోపక్షానికి దానివల్ల ఊరట కలగాలి.

మూడోది సాక్ష్యం. ఇద్దరి మధ్య జరిగినదాన్ని లోకం ఎదుట ధ్రువపరచడం దీని పని. తాంబూలాల వేళ కూర్చున్న ఇరుపక్షాల పెద్దలు, పెళ్లిలో అగ్నిహోత్రం, చూపించే అరుంధతి, అందరూ సాక్షులే. సాక్షి విలువ అతని స్వతంత్రతలో ఉంటుంది. ఇరుపక్షాలలో ఎవరికీ లొంగనివాడై ఉండాలి.

ఈ మూడు పనులూ ఒకే వస్తువు చేయవచ్చు. కానీ మూడింటి నియమాలు వేరు. ధర ఒకదానికి అక్కరలేదు, రెండోదానికి తప్పనిసరి, మూడోదానికి ప్రమాదకరం. విలాస వస్తువుగా అమ్మే నిశ్చితార్థపు ఉంగరం నైతిక సమస్య కావడానికి మూలం, ఈ మూడు పనులనూ విడదీయకుండా కలిపి, ఒకదాని గౌరవాన్ని మరొకదాని ధరతో అమ్మడంలో ఉంది.

శకుంతల కథలో ఉంగరం ఉన్నప్పుడు, లేనప్పుడు

వ్యాసభారతంలోని శకుంతలోపాఖ్యానంలో ఉంగరం లేదు. నన్నయ ఆంధ్రమహాభారతంలోనూ లేదు. కొడుకును వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువుకు వచ్చిన శకుంతల చేతిలో ఆధారమంటూ ఏమీ లేదు. ఆమెకున్నది వాక్కు. రాజు ఎరగనన్నప్పుడు ఆమె సత్యం విలువను గురించి వాదిస్తుంది, దాన్ని సకల పుణ్యకార్యాలకంటె పైన నిలుపుతుంది. చివరికి అశరీరవాణి ఆమె మాటను ధ్రువపరుస్తుంది. ఆ తరువాత దుష్యంతుడు చెప్పేది గమనించదగినది. తనకు నిజం ముందే తెలుసునట. కేవలం ఆమె మాటమీద స్వీకరిస్తే లోకం నమ్మదని వెరచి అలా పలికాడట. అంటే అక్కడి లోపం జ్ఞాపకానిది కాదు, ధైర్యానిది. మాట ఇచ్చినవాడే ఆ మాటకు బయటి సాక్ష్యం కావాలని నిలబడ్డాడు.

కాళిదాసు నాటకంలో దూర్వాసుని శాపం వచ్చింది, దానికి విరుగుడుగా ఉంగరం వచ్చింది. దుష్యంతుని లోపం మరపుగా మారింది. నాటకం పేరులోనే అభిజ్ఞానం చేరింది. మరచినవాడికి గుర్తుచేయడమే ఆ ఉంగరం పని. అక్కడ ఉంగరం మీద రాజు పేరు చెక్కి ఉంటుంది. రోజుకొక అక్షరం చొప్పున ఆ పేరును లెక్కపెట్టుకొమ్మనీ, అక్షరాలు పూర్తయ్యేలోగా తన మనుషులు వచ్చి తీసుకువెళతారనీ దుష్యంతుడు శకుంతలకు చెప్పి ఉన్నాడు. ఉంగరం మీది పేరు మాట ఇచ్చినవాడి పేరు. మాట తప్పితే ఆ పేరే అతన్ని నిలదీస్తుంది. రామాయణంలో రాముడు హనుమంతునికి ఇచ్చిన ఉంగరం మీద ఉన్నదీ రాముని పేరే.

ఆరో అంకం ప్రారంభంలో ఈ చర్చకు ఎంతో ఉపకరించే ఘట్టం ఉంది. చేప కడుపులో ఉంగరం దొరికిన జాలరిని రక్షకభటులు దొంగగా భావించి పట్టుకుంటారు. పేదవాడి చేతిలో రత్నాల ఉంగరం ఉండడమే వారికి నేరానికి రుజువు. రాజు ఉంగరం చూసి, జాలరిని విడిచిపెట్టమని, ఉంగరం వెలకు సమానమైన ధనం బహుమతిగా ఇప్పిస్తాడు. అప్పుడు రక్షకాధికారి తన ఊహ చెబుతాడు: రాజు విలువైన రత్నం దొరికినందుకు సంతోషించినట్లు లేదు, దాన్ని చూడగానే ఇష్టమైనవారెవరో జ్ఞాపకం వచ్చినట్లుంది అని. ఒకే వస్తువు జాలరికి వెలగా, రాజుకు జ్ఞాపకంగా విడిపోయిన క్షణం అది. ఉంగరం వెలను నాటకం కాదనలేదు. ఆ వెల ఎవరికి అవసరమో వారికి చేర్చింది. జ్ఞాపకాన్ని మాత్రం వెలతో కలపలేదు.

తెలుగులో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలంలో భారతకథనూ నాటకకథనూ మేళవించాడు. ఈ పరంపరనంతా కలిపి చూస్తే రెండు విషయాలు స్పష్టమవుతాయి. ఆనవాలు మరపును తొలగించగలదు, కాని లేని సత్యాన్ని పుట్టించలేదు. లోకం సాక్ష్యం కోరినప్పుడు, ఆ సాక్ష్యం ఎవరికీ లోబడనిదై ఉండాలి. అశరీరవాణిని ఎవరూ కొనలేరు. అందుకే దాని మాట చెల్లింది.

జామీనుగా వజ్రం

ఆధునిక కాలంలో ఉంగరం జామీనుగా మారిన తీరు ఒక న్యాయచరిత్రతో ముడిపడి ఉంది. ఇంగ్లండు, అమెరికా న్యాయవ్యవస్థలలో ఒకప్పుడు పెళ్లి మాట ఇచ్చి తప్పినవారిపై నష్టపరిహారం కోరుతూ దావా వేసే హక్కు ఉండేది. నిశ్చితార్థం చెడితే స్త్రీ ప్రతిష్ఠకు, భవిష్యత్తుకు కలిగే నష్టం పురుషుడికి కలిగేదానికంటె ఎంతో ఎక్కువగా ఉన్న సమాజంలో, ఆ దావా ఆమెకు ఒక రక్షణ. 1935లో ఇండియానా రాష్ట్రం ఈ హక్కును రద్దుచేసింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారిపట్టాయి. న్యాయశాస్త్ర ఆచార్యురాలు మార్గరెట్ బ్రినిగ్ 1990లో ప్రచురించిన వ్యాసంలో, వజ్రపుటుంగరాల గిరాకీ పెరగడానికి ఈ రద్దు ఒక ముఖ్యకారణమని వాదించింది. చట్టం ఇవ్వని భరోసాను ఖరీదైన ఉంగరం ఇవ్వసాగిందని ఆమె వాదన సారం.

ఈ వాదనను అంగీకరిస్తే, ఉంగరం ఖరీదును కేవలం ఆడంబరమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. బలహీనపక్షానికి భరోసాగా నిలిచిన ధరకు నైతికమైన ఆధారం ఉంది. తెలుగు కుటుంబాలలో స్త్రీ ఒంటిమీది బంగారానికి ఉన్న స్థానాన్ని ఎరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పంట పోయిన ఏడు, పిల్లల చదువు ఆగిపోయేవేళ, తాకట్టుకు వెళ్లి ఇల్లు నిలిపినవి ఆ గాజులూ గొలుసులే.

అయితే జామీనుకు చెప్పుకున్న రెండో లక్షణాన్ని విలాస వజ్రం నెరవేరుస్తున్నదా అన్నది ప్రశ్న. మామూలు బంగారు నగ కొనేటప్పుడు బిల్లులో బరువు, తరుగు, మజూరీ, రాళ్ల ఖరీదు విడివిడిగా ఉంటాయి. తిరిగి అమ్మితే తరుగూ మజూరీ పోతాయి, బంగారం బరువుకు ఆనాటి ధర వస్తుంది. పేరున్న దుకాణంలో కొన్న వజ్రపుటుంగరం సంగతి వేరు. వజ్రానికి బంగారంవలె తూకానికింత అని బజారులో ఏకరూపమైన ధర లేదు. సామాన్య కొనుగోలుదారు దాన్ని తిరిగి అమ్మబోతే, ఇచ్చిన ధరలో పెద్దభాగం రాదు. ఇచ్చినవాడు నష్టపోయిన మేరకు పుచ్చుకున్నామె లాభపడదు. ఆమెకు భరోసాగా ఇచ్చామన్న సొమ్ములో ఎక్కువభాగం కొన్ననాడే ఖర్చైపోయింది. మసాచుసెట్స్ తీర్పువంటి తీర్పులు అమలులో ఉన్నచోట, మాట తప్పినది ఇచ్చినవాడే అయినా ఉంగరం అతనికే తిరిగి చేరుతుంది. అలాంటప్పుడు జామీను అన్న సమర్థన పూర్తిగా వీగిపోతుంది. మాట తప్పినవాడికే తిరిగి దక్కే బయానా, బయానా కాదు.

ఈ స్థితిలోనూ ధర తగ్గకుండా నిలవడానికి ప్రచారం తోడ్పడింది. డీ బీర్స్ సంస్థ 1938లో ఎన్. డబ్ల్యూ. అయ్యర్ అనే ప్రకటనల సంస్థను నియమించుకున్నది. 1947లో ఆ సంస్థలో పనిచేసిన ఫ్రాన్సిస్ గెరెటీ అనే రచయిత్రి వజ్రాన్ని శాశ్వతత్వంతో ముడిపెట్టే నినాదం రాసింది. 1980లలో, ఉంగరానికి రెండు నెలల జీతం వెచ్చించడం సముచితమన్న కొలతను డీ బీర్స్ ప్రకటనలు ప్రచారం చేశాయి. శాశ్వతమన్న మాటలో ఒక వ్యాపారప్రయోజనం కూడా ఉంది: శాశ్వతమైనదాన్ని ఎవరూ తిరిగి అమ్మకూడదు. తిరిగి అమ్మకపోతే, అమ్మితే ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు.

పేరుకు చెల్లించే ధర

జామీను అన్న సమర్థన నిలవనప్పుడు, విలాస దుకాణంలో చెల్లించే అదనపు ధర దేనికన్నది మిగిలిన ప్రశ్న. ధరను మూడు భాగాలుగా విడదీయవచ్చు: పదార్థం, పనితనం, పేరు.

టిఫనీ సంస్థ 1837లో న్యూయార్క్‌లో మొదలైంది. 1886లో అది ప్రవేశపెట్టిన ఆరు కొక్కేల అమరిక, రాయిని కట్టునుంచి పైకెత్తి, వెలుగు లోపలికి ప్రసరించేలా చేసింది. అది నిజమైన పనితనం. దానికి మజూరీ చెల్లించడంలో ఆక్షేపణకు తావులేదు. పదార్థం విషయానికి వస్తే, 1954లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమవజ్రం తయారైన నాటినుంచి క్రమంగా, గనిలో దొరికినదీ ప్రయోగశాలలో పెరిగినదీ కంటితో పోల్చుకోలేని దశ వచ్చింది. రెండూ ఒకే కర్బనపు స్ఫటికాలు. అందువల్ల పదార్థం అరుదైనదన్న వాదన బలం తగ్గింది. ఆ మేరకు పేరు బరువు పెరిగింది.

పేరు వేరు, పనితనం వేరు అన్నది ఎంత చిక్కైన విషయమో ఒక వ్యాజ్యం చూపుతుంది. కాస్ట్‌కో అనే టోకు దుకాణాల సంస్థ తన వద్ద అమ్మే కొన్ని ఉంగరాల పక్కన టిఫనీ అన్న మాటను రాసిపెట్టింది. 2013లో టిఫనీ సంస్థ దావా వేసింది. ఆ మాట ఉంగరం అమరికకు సాధారణనామంగా మారిపోయిందని కాస్ట్‌కో వాదన. 2017లో దిగువ న్యాయస్థానం కాస్ట్‌కో 1.9 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలన్నది. 2020లో అప్పీలు కోర్టు, ఈ విషయం జ్యూరీ తేల్చవలసినదంటూ ఆ తీర్పును రద్దుచేసింది. 2021లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. ఆ పేరు వస్తువు తీరుదా, అమ్మినవారిదా అన్న ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది. అదే 2021 జనవరిలో ఫ్రాన్సుకు చెందిన ఎల్‌వీఎంహెచ్ సంస్థ దాదాపు 1,580 కోట్ల డాలర్లకు టిఫనీని కొన్నది. ఆ మొత్తం కేవలం దుకాణాలకూ రాళ్లకూ చెల్లించినది కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ శాకుంతలంలోని ఉంగరాన్ని మళ్లీ తలచుకోవాలి. దుష్యంతుని ఉంగరం మీద మాట ఇచ్చినవాడి పేరుంది. విలాస దుకాణపు ఉంగరం లోపలివైపు అమ్మినవారి పేరుంటుంది. ఈ తేడా చిన్నది కాదు. మాట ఇచ్చినవాడి పేరు అతన్ని బాధ్యుణ్ణి చేస్తుంది. అమ్మినవారి పేరు అతన్ని సిఫారసు చేస్తుంది. నీలిరంగు పెట్టెను చూసినవారు, ఇవ్వబోయిన మాట వినకముందే, ఇచ్చినవాడి చిత్తశుద్ధిని గురించి ఒక అభిప్రాయానికి వస్తారు. ఆ అభిప్రాయమే పేరుకు చెల్లించిన ధరకు ప్రతిఫలం. అంటే అక్కడ దుకాణం అమ్ముతున్నది సాక్ష్యాన్ని.

సాక్షికి రానుపోను బత్తా ఇవ్వవచ్చు, సాక్ష్యానికి వెల కట్టకూడదన్నది న్యాయస్థానాల ఎరుకలోనే కాక లోకం ఎరుకలోనూ ఉన్న నీతి. కొన్న సాక్ష్యం అబద్ధమే కానక్కరలేదు. ఆ వ్యక్తి చెప్పినది నిజమే కావచ్చు. అయినా అది సాక్ష్యంగా చెల్లదు, ఎందుకంటే డబ్బిచ్చిన ఎవరికైనా అది అదే మాట చెబుతుంది. చిత్తశుద్ధి గలవాడికీ లేనివాడికీ అదే పెట్టె, అదే పేరు, అదే మెరుపు. ఇద్దరినీ వేరుచేయలేనిది ఇద్దరిలో ఎవరికీ సాక్షి కాజాలదు. మజూరీని బత్తాతో పోల్చవచ్చు. పేరుకు చెల్లించేది సాక్ష్యానికి కట్టిన వెల.

పూర్వపక్షాలు

ఈ నిర్ణయానికి ఎదురయ్యే ఆక్షేపాలు మూడు. మొదటిది త్యాగానికి సంబంధించినది. కష్టపడి సంపాదించినదాన్ని ఒకరికోసం వెచ్చించడం ప్రేమకు గుర్తు కాదా అని. నిజమే. కానీ త్యాగం కొలత త్యాగం చేసేవాడి జీవితంలోనుంచి పుట్టాలి. రెండు నెలల జీతం అన్న కొలత అమ్మేవారినుంచి వచ్చింది. అందరికీ ఒకే నిష్పత్తిలో విధించినదాన్ని పన్ను అంటారు. అంతేకాక, ఆ ధరను వాయిదాలమీద అప్పుగా తెచ్చినప్పుడు, పెళ్లైన తరువాత ఆ వాయిదాలు ఇద్దరి ఉమ్మడి ఆదాయంనుంచి చెల్లుతాయి. పుచ్చుకున్నామె తన కానుకకు తానే సగం వెల కడుతుంది. దాన్ని అతని త్యాగమని పిలవడం భాషకు కూడా న్యాయం కాదు.

రెండో ఆక్షేపం ఇంకా బలమైనది. లోకం చూసేది ఆమె చేతిని. పేరులేని ఉంగరం, చిన్న రాయి చూసి నవ్వేవారు ఆమె ఎదుటనే నవ్వుతారు. ఆడంబరాన్ని ఆక్షేపించే వరుడి సూత్రనిష్ఠకు మూల్యం చెల్లించేది వధువు. ఈ మాటలో సత్యముంది. నన్నయ భారతంలో దుష్యంతుడు లోకాపవాదానికి వెరచినందుకు కొలువులో అవమానం పడినది శకుంతలే. ఇక్కడ వరుడు లోకాపవాదాన్ని లెక్కచేయకపోతే, దాన్ని మోసేది వధువు. రెండుచోట్లా నిర్ణయం ఒకరిది, భారం మరొకరిది. కాబట్టి సూత్రం మంచిదైనంత మాత్రాన చాలదు, అది ఇద్దరూ కలిసి స్వీకరించినదై ఉండాలి. ఆమెకు తెలియకుండా కొని, మోకరిల్లి, హఠాత్తుగా చూపడంలో ఉన్న ఆకర్షణ ఏదైనా కానీ, అది ఆమెను నిర్ణయంనుంచి తప్పించి, కేవలం ఫలితాన్ని ధరించేదిగా మిగులుస్తుంది. ఖరీదైన ఉంగరానికైనా, సాదా ఉంగరానికైనా ఈ మాట వర్తిస్తుంది.

మూడో ఆక్షేపం సౌందర్యానికి సంబంధించినది. అందమైన వస్తువును అందంకోసం కొనుక్కునే స్వేచ్ఛను నీతి పేరిట హరించడం సరికాదని. ఈ వ్యాసంలోని వాదన ఆ స్వేచ్ఛకు అడ్డురాదు. ఉంగరం అందంగా ఉన్నదని కొన్నవారు అందాన్నే కొన్నారు. చిక్కు వచ్చేది, అందానికి చెల్లించిన ధరను చిత్తశుద్ధికి రుజువుగా చూపినప్పుడు. ధర ఎవరికీ తెలియకపోయినా, పెట్టెమీద పేరు లేకపోయినా, ఆ ఉంగరమే కావాలనిపిస్తుందా అన్నది ఎవరికి వారు వేసుకోదగిన పరీక్ష.

శుల్కం చేరే చోటు

గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో సమూలంగా మారిన రూపంలో వెలువడింది. పెళ్లిలో చేతులు మారే సొమ్ము ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నను తెలుగు సాహిత్యంలో అంత పదునుగా ముందుకు తెచ్చిన రచన మరొకటి లేదు. కన్యాశుల్కంలో సొమ్ము పిల్ల తండ్రికి చేరింది. కట్నంలో వరుడి ఇంటికి చేరుతుంది. విలాసపుటుంగరంలో పేరుకు చెల్లించిన భాగం పెళ్లితో ఏ సంబంధమూ లేని మూడోపక్షానికి చేరుతుంది. ఈ మూడింటిని నైతికంగా సమానమనడం అన్యాయమవుతుంది. మొదటి రెండింటిలో ఉన్న బలవంతం, హింస మూడోదానిలో లేవు. కానీ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. సొమ్ము ఎవరి పేరిట చేతులు మారుతున్నదో ఆ స్త్రీకి అందులో చేరేది అతిస్వల్పం.

చేరవలసిన మరికొందరికి కూడా అది చేరడం లేదు. శాకుంతలంలో జాలరికి ఉంగరం వెలకు సమానమైన బహుమతి దక్కింది. వజ్రాల చరిత్రలో జాలరి స్థానంలో ఉన్నవారికి అది దక్కలేదు. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశంనుంచే వెళ్లాయి. వాటిలో ప్రసిద్ధమైనవెన్నో కృష్ణాతీరపు గనులవి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. నేటి పల్నాడు జిల్లాలోని ఆ ప్రాంతం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. అత్యంత స్వచ్ఛమైన ఒక తరగతి వజ్రాలను విలాస వర్తకులు నేటికీ గోల్కొండ వజ్రాలనే పిలుస్తారు. ఊరి పేరు అమ్ముడుపోయింది. తవ్వినవారిలో ఒక్కరి పేరూ మిగలలేదు.

అంతర్యుద్ధాలకు ధనం సమకూర్చే ముడివజ్రాలను అడ్డుకోవడానికి 2003లో కింబర్లీ ప్రక్రియ అమలులోకి వచ్చింది. కానీ దాని నిర్వచనం ఇరుకైనది. తిరుగుబాటు దళాలకు ధనం చేకూర్చేవాటినే అది నిషేధిస్తుంది. ప్రభుత్వ బలగాలే హింసకు పాల్పడిన జింబాబ్వేలోని మరంగే గనుల విషయంలో ఈ లోపం బయటపడింది. ఆ ప్రక్రియ ఏర్పడడానికి కృషిచేసిన సంస్థలలో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ 2011లో దానినుంచి తప్పుకున్నది. సూరత్ పనివారి చేతుల్లో ప్రపంచంలోని అత్యధిక వజ్రాలు సానపట్టుకుంటున్నాయి. ఉంగరం మీద వారి పేరుండదు. ఉంగరం ధరలో పేరు అనే భాగం ఎంత పెరిగితే, తవ్వినవారికీ సానపట్టినవారికీ దక్కే వాటా నిష్పత్తి అంత తగ్గుతుంది. దీనికి కొనేవారొక్కరే బాధ్యులు కారు. అయినా, తాము చెల్లిస్తున్నది ఏ భాగానికి అని అడిగే అవకాశం ఉన్నది మాత్రం వారికే.

ముగింపు

విలాస దుకాణంలో నిశ్చితార్థపు ఉంగరం కొనడం స్వతహాగా దోషమని ఈ విచారణలో తేలలేదు. పదార్థానికి, పనితనానికి, అందానికి చెల్లించే ధర సమంజసమైనదే. భరోసాగా ఇచ్చే విలువకు నైతికమైన ఆధారం ఉంది, అది నిజంగా పుచ్చుకున్నవారికి చేరినప్పుడు. దోషం, మాటకు సాక్ష్యంగా ఒక పేరును కొనడంలో ఉంది. ఆ సాక్ష్యం చెల్లనిది. పైగా అది మాట ఇచ్చినవాడిమీది భారాన్ని తేలికచేస్తుంది. రుజువు ముందే చెల్లించామనుకున్నవాడు, రుజువు చేయవలసినది ఇంకా ముందున్నదని మరచే ప్రమాదం ఉంది. పెళ్లి మాటకు అసలు రుజువు ఆ తరువాతి సంవత్సరాలు.

ఉంగరం లోపలివైపున దంపతులు తమ పేర్లు చెక్కించుకునే ఆచారం అనేక దేశాల్లో ఉంది. తొడుక్కున్నాక ఆ అక్షరాలు ఎవరికీ కనిపించవు, వేలికి మాత్రం తగులుతుంటాయి. ఆ పేర్లు గల ఉంగరం ఎక్కడ కొన్నదైనా, ఎంతకు కొన్నదైనా, అది ఆనవాలుగా నిలవగలదు. అమ్మినవారి పేరు ఒక్కటే ఉన్న ఉంగరానికి మాత్రం, మరపు కమ్మిన రోజున, గుర్తుచేయడానికి ఏ మనిషి పేరూ ఉండదు.